కొలత చెప్పని గీతలు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల షెడ్లలో లేజర్ కటింగ్ మెషిన్‌కైనా, మందుల డబ్బాలు అచ్చేసే ప్రెస్సుకైనా ముందుగా కావాల్సింది డ్రాయింగు ఫైలు. యంత్రం ఏళ్ల తరబడి నడుస్తుంది. విడిభాగం అరిగితే అప్పటి ఫైలునే వెతకాలి. తీరా తెరిచాక పళ్లచక్రం పాతిక రెట్లు పెరిగిపోతుంది, వంపు తిన్నని గీతవుతుంది, తెలుగు లేబులు అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల గుంపవుతుంది. ఫైలు పాడైందనుకుంటాం. చాలాసార్లు అది భద్రంగానే ఉంటుంది.

ఫొటో ఫైలులో ఒక్కో చుక్క రంగు నమోదై ఉంటుంది. డ్రాయింగు ఫైలు వెక్టర్ రకం; అందులో ఉండేవి ఆదేశాలు: ఈ బిందువు నుంచి ఆ బిందువుకు గీత గియ్యి, ఇంత వ్యాసార్ధంతో సున్నా చుట్టు. ‘ఉప్పు తగినంత’ అని రాసిన వంట కాగితంలాగే పాత ఫార్మాట్లు కొన్ని సంగతులను చదివేవారికే వదిలేశాయి. చిక్కంతా అక్కడే.

మొదటిది కొలత. 1982లో డ్రాయింగు సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌తో వచ్చిన డీఎక్స్‌ఎఫ్ ఫార్మాట్ తొలి వెర్షన్లలో 100 అని ఉంటే అది మిల్లీమీటర్లో అంగుళాలో చెప్పే ఖానా లేదు. మిల్లీమీటర్లలో గీసినదాన్ని సాఫ్ట్‌వేర్ అంగుళాలుగా తీసుకుంటే 100 కాస్తా 2,540 మిల్లీమీటర్లవుతుంది. పెన్ ప్లాటర్ల కోసం వచ్చిన హెచ్‌పీజీఎల్‌లో ఈ బాధ తక్కువ. ఒక యూనిట్ అంటే 0.025 మిల్లీమీటర్లని ముందే ఖరారు చేశారు. పాతిక రెట్ల తేడా అయితే కంటికి ఆనుతుంది. చిన్న తేడాయే ప్రమాదం. వెక్టర్ బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ 2017లో అంగుళానికి 90 పిక్సెళ్ల లెక్కను 96కు మార్చింది. పిక్సెళ్లలోనే కొలతలున్న పాత బొమ్మను సరిచేయకుండా తెరిస్తే 100 మిల్లీమీటర్ల అట్టపెట్టె 93.75కు కుదించుకుపోతుంది. మందు సీసా అందులో పట్టదు.

రెండోది వంపు. డీఎక్స్‌ఎఫ్ పాలీలైన్‌లో (గీతల గొలుసులో) చాపాన్ని ‘బల్జ్’ అనే ఒక్క సంఖ్యతో చెబుతారు: 0 అయితే తిన్నని గీత, 1 అయితే అర్ధవృత్తం. దిగుమతి చేసే ప్రోగ్రాం ఆ సంఖ్యను వదిలేస్తే గుండ్రని మూల కోసుకుపోతుంది. విండోస్ తొలినాటి డబ్ల్యూఎంఎఫ్ ఫార్మాట్‌లోనైతే బెజియర్ అనే నునుపైన వక్రానికి ఆదేశమే లేదు. లోగోలోని వంపులు వందల చిన్న గీతల ముక్కలుగా వస్తాయి.

మూడోది అక్షరం. యూనికోడ్‌కు ముందటి తెలుగు ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చాయి. ఫైలులో ఉండేది ఆ స్థానాల సంఖ్యలే. అదే ఫాంటు లేని కంప్యూటర్లో వాటికి ఇంగ్లిషు రూపమే దక్కుతుంది.

కొన్నిసార్లు తలుపు కావాలనే మూస్తారు. ఈపీఎస్ ఫైలు నిజానికి పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం. అందులో హానికర కోడ్ దాచవచ్చు కాబట్టి మైక్రోసాఫ్ట్ 2017లో ఆఫీస్‌లో దాని దిగుమతిని నిలిపేసింది.

పాత ఫైలు తెరవగానే తెలిసిన కొలత ఒకటి సరిచూడాలి. కొత్తది దాచేటప్పుడు మూలలో 100 మిల్లీమీటర్ల గీత గీసి పక్కనే ఆ సంఖ్య, యూనిట్ రాయాలి. అక్షరాలను కర్వ్స్‌గా, అంటే గీతల ఆకారాలుగా మార్చిన ప్రతిని, మార్చనిదాన్ని రెండూ ఉంచాలి. మొదటిది అచ్చుకు, రెండోది దిద్దుబాటుకు. అసలు ఫైలుతో పాటు బహిరంగ ప్రమాణాలైన ఎస్‌వీజీ, పీడీఎఫ్‌లలో ఒకదాంట్లో ప్రతి తీసిపెడితే, దాన్ని గీసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడినా డ్రాయింగు చదవగలుగుతాం.