జీన్స్ వేసుకున్న పునీతుడి సమ్మర్ ప్రాజెక్ట్

2006 నాటి ఇంటర్నెట్‌ని ఒకసారి ఊహించుకోండి. స్టాక్ ఓవర్‌ఫ్లో లేదు, గిట్‌హబ్ లేదు. ఐఫోన్ ఇంకా మార్కెట్లోకి రాలేదు. ఆ ఏడాది వేసవి సెలవులన్నీ ఇటలీలోని మిలాన్‌లో పదిహేనేళ్ల కుర్రాడొకడు కంప్యూటర్ ముందే గడిపాడు. గేమ్స్ కోసం కాదు లెండి. తన స్కూల్లో పిల్లల్ని వాలంటీర్ పనులకు రప్పించే వెబ్‌సైట్ కోసం.

పేరు కార్లో అక్యుటిస్. 2025 సెప్టెంబర్ 7న పోప్ 14వ లియో అతన్ని పునీతుడిగా ప్రకటించారు. మిలీనియల్ తరం నుంచి తొలి పునీతుడు. (అతను చదివిన జెస్యూట్ ఫాదర్ల బడి 13వ లియో పోప్ పేరు మీదిది. భలే కుదిరింది!)

అసిసిలో జీన్స్, స్నీకర్స్‌తో పడుకోబెట్టిన అతని పార్థివదేహం ఫొటో మీ ఫీడ్‌లోనూ వచ్చే ఉంటుంది, 'గాడ్స్ ఇన్‌ఫ్లుయెన్సర్' అనే క్యాప్షన్‌తో. ఆ బిరుదు నాకు ఎక్కదు. ఇన్‌ఫ్లుయెన్సర్ కెమెరాని తనవైపు తిప్పుకుంటాడు. కార్లో చేసిన సైట్లలో ఒకటి విచారణ గుడి కోసం, ఒకటి బడి కోసం, ఇంకొకటి దివ్యసత్ప్రసాద అద్భుతాల గురించి. ప్రపంచానికి అతన్ని పరిచయం చేసింది ఆ చివరిదే. ఆ అద్భుతాల్ని నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను క్రైస్తవురాలిని కాదు. నన్ను పట్టుకున్నది మాత్రం బడి సైట్.

ఎందుకంటే అలాంటి పనికి చప్పట్లు రావని నాకు తెలుసు. ఆఫీసులో నా కోడ్‌కి రివ్యూలు, రేటింగులు, హైక్ ఉంటాయి. బడి వాలంటీర్ పేజీకి ఏముంటాయి? కార్లో దాంతో ఆగలేదు కూడా. జాతీయ స్థాయి వాలంటీరింగ్ పోటీకి చాలా క్లాసుల పిల్లలతో చిన్న ప్రకటనలు తీయించే బాధ్యతా తీసుకున్నాడు. తోటి పిల్లల్ని కదిలించడం కోడ్ రాయడం కంటే కష్టం, కావాలంటే ఏ టీమ్ లీడ్‌నైనా అడగండి.

ప్లేస్టేషన్ అంటే ఇష్టమే, కానీ వారానికి గంటే అని తనకు తానే లిమిట్ పెట్టుకున్నాడు. దాచుకున్న డబ్బుతో రోడ్డు మీద పడుకునే మనిషికి స్లీపింగ్ బ్యాగ్ కొన్నాడు. రోజూ పూజకు వెళ్లేవాడు. అతనికి ఇవన్నీ ఒకే పని.

సిస్టర్ల బడిలో చదివినవాళ్లకి 'తలాంతు' అనే మాట గుర్తుండాలి. క్యాథలిక్ పిల్లలు క్యాటకిజంకి వెళ్తే, మాకు మోరల్ సైన్స్. అక్కడ విన్నాను మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని కథ. యజమాని ఊరెళ్తూ ముగ్గురు పనివాళ్లకి అయిదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పజెప్తాడు. ఇద్దరు రెట్టింపు చేస్తారు. మూడోవాడు భయపడి గొయ్యి తీసి పాతిపెడతాడు. తలాంతు అంటే అప్పట్లో డబ్బు లెక్కకి వాడిన తూకం. ఒక్క తలాంతే దాదాపు కూలివాడి ఇరవై ఏళ్ల సంపాదన. ఇంగ్లీషు 'టాలెంట్' ఆ మాటలోంచే వచ్చింది. అంటే మూడోవాడికి ఇచ్చింది కూడా తక్కువేం కాదు!

కార్లోకి టైమ్ మాత్రం తక్కువే దొరికింది. అక్టోబర్ మొదట్లో మామూలు జ్వరమే అనుకున్నారు. తీరా చూస్తే లుకేమియా. అక్టోబర్ 12న మోంజా ఆసుపత్రిలో చనిపోయాడు.

అతని గురించి చదివాక నేను మా బడికి ఫోన్ చేశాను. ఫీజు కట్టలేని పిల్లలకి పాత విద్యార్థులు పంపే డబ్బు లెక్కలు అక్కడ ఇప్పటికీ పెద్ద రూళ్ల పుస్తకంలోనే ఉన్నాయి. ఎవరు ఎంత ఇచ్చారు, ఏ పాపకి ఏ టర్మ్ బాకీ, అన్నీ సిస్టర్ చేతిరాతే. నేను రెండు వీకెండ్లు కూర్చుని చిన్న యాప్ చేసి పంపాను. సెర్చ్, గ్రాఫులు, దాతలకి ఆటోమేటిక్ థాంక్యూ మెసేజ్, అన్నీ పెట్టి.

సిస్టర్ గ్రాఫులు చూడనేలేదు. "ఇది ఆఫీసు కంప్యూటర్లో తెరిస్తే పిల్లల పేర్లు అందరికీ కనిపిస్తాయా అమ్మా?" అని అడిగారు. పుస్తకమైతే ఆవిడ బీరువాలో తాళం వేసి ఉంటుంది. ఏ పిల్ల డబ్బు ఎవరు కడుతున్నారో క్లాస్ టీచర్లకి కూడా తెలియదట. దాతలకీ పేర్లు చెప్పరు.

గ్రాఫులు తీసేశాను. ఈ శనివారం పేర్ల కాలమ్‌కి సిస్టర్ ఒక్కరే తెరవగలిగేలా తాళం పెట్టాలి.