పురిటికి అమెరికా వెళుతున్నారా? కాళ్ల సంగతి చూసుకోండి

అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. అల్లుడు టిక్కెట్లు పంపించాడు. సున్నిపిండి, కాయం, ఆవకాయ సర్దడం అయిపోయింది. మరి ఆ ప్రయాణం చేయవలసిన మీ ఒంటి సంగతి ఆలోచించారా?

హైదరాబాదు నుంచి దుబాయికి సుమారు రెండున్నర వేల కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడి నుంచి న్యూయార్కుకు 11,000 కిలోమీటర్లు. ఏకబిగిన దాదాపు 14 గంటలు కూర్చోవాలి. చిక్కంతా ఈ కూర్చోవడంతోనే!

నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు బిగిసి, వదులై, కాళ్లలోని చెడు రక్తాన్ని గుండెవైపు నెడతాయి. కదలకుండా కూర్చుంటే ఆ రక్తం లోపలి సిరల్లో నిలిచి గడ్డకట్టవచ్చు. ఇది విమానం తెచ్చిన జబ్బు కాదు. 1940లో లండన్‌పై బాంబులు పడుతున్నప్పుడు రాత్రంతా రక్షణ గృహాల్లో మడత కుర్చీల్లో కూర్చున్నవారిలో కొందరు ఇలాగే ప్రాణాలు పోగొట్టుకున్నారు. గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరడమే ప్రమాదం.

భయపడకండి. నాలుగు గంటలకు మించిన ప్రయాణం ఈ ముప్పును రెట్టింపు చేస్తుందనీ, అయినా అది ఆరువేల మందిలో ఒకరికేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. స్థూలకాయులకు, ఇటీవల ఆపరేషన్ అయినవారికి, హార్మోను మాత్రలు వాడేవారికి, ఇదివరకు గడ్డ కట్టినవారికి ముప్పు ఎక్కువ.

మన ఆడవాళ్లు చేసే పొరపాటొకటి ఉంది. పక్కవాళ్లను లేపడానికి మొహమాటం. బాత్‌రూముకు వెళ్లవలసి వస్తుందని నీళ్లు తాగరు. మొహమాటం మానండి. నడవా పక్క సీటు అడిగి తీసుకోండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోటే మడమ ఆనించి వేళ్లు లేపడం, వేళ్లు ఆనించి మడమ లేపడం చేయండి. నిద్రమాత్ర వేసుకుని ముడుచుకుని పడుకోవద్దు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మింగవద్దు. బిగుతు మేజోళ్లు అవసరమా, కాదా అన్నది మీ డాక్టరు చెప్పాలి.

మధుమేహం ఉన్నవారు మరొకటి గమనించాలి. పడమటికి వెళ్లేటప్పుడు రోజు సాగుతుంది. న్యూయార్కు మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనుక. అంటే ఆ రోజు మీకు దాదాపు 34 గంటలు! ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత అన్నది ముందే డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. మందును చేతిసంచిలోనే ఉంచండి. కింద సామాన్ల అరలో అది గడ్డకట్టి పాడుకావచ్చు. విమానంలో గాలి ఊటీలో ఉన్నంత పలుచన. రక్తహీనత, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు పరీక్ష చేయించుకునే బయలుదేరాలి.

వేళకాని నిద్ర నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. పగలు కాసేపు ఎండలో తిరిగితే చాలు.

దిగాక కొన్ని వారాలపాటు కాళ్లను కనిపెట్టి ఉండండి. రెండు పాదాలూ కాస్త వాచి మర్నాటికి తగ్గితే ఫరవాలేదు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే మాత్రం తైలం రాసి పిసికించుకోవద్దు, గడ్డ కదిలిపోవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. హఠాత్తుగా ఆయాసమో, ఛాతీలో పోటో వస్తే పురిటి ఇల్లని సంకోచించకుండా అల్లుణ్ణి లేపండి. అమెరికాలో అంబులెన్సుకు నంబరు 911.