ఆటకును క్రీడకును నడుమ

తెలుగున ‘ఆడు’ అను క్రియ చేయని పని అరుదు. మనుష్యుడు మాటలాడును, అబద్ధమాడును, బేరమాడును, సరసమాడును, పోట్లాడును, వేటాడును, నీరాడును. గాలికి ఆకు ఆడును, ఊరి చివర గానుగ ఆడును. రంగముమీద నాటకమాడుదురు, తెరవెనుక తోలుబొమ్మలను ఆడింతురు. ఛందస్సులోని ‘ఆటవెలది’ అను మాటకును నాట్యమాడు స్త్రీ యనియే అర్థము. ఇన్ని పనులకు ఒక్క క్రియతో సరిపెట్టుకొన్నవారికి, పిల్లల గోలీలకును పెద్దల బంతికిని వేరువేరు పేర్లు పెట్టవలెనను తలంపు చిరకాలము కలుగకపోవుట వింత కాదు. అన్నియు ఆటలే.

‘క్రీడ’ సంస్కృతమునుండి వచ్చిన మాట. అదియు మొదట ఏ భేదమును ఎరుగదు. కావ్యములలో రాజు కొలనిలో దిగినది జలక్రీడ, కన్య బంతి నెగురవేసినది కందుకక్రీడ, పాచికలు దొర్లించినది ద్యూతక్రీడ. చెమటతోను పతకముతోను దానికి పనిలేదు. మనస్సు విహరించిన చాలును. ఆంగ్లమున ‘స్పోర్ట్’ పుట్టుకయు ఇట్టిదే. ప్రాచీన ఫ్రెంచి భాషలో పొద్దుపుచ్చుట, మనస్సును మరలించుట అను అర్థముగల మాటనుండి అది వచ్చినది. తరువాత చాలకాలము అది దొరల వేటకును చేపలు పట్టుటకును పేరై నిలిచినది. ‘గేమ్’ అను మాటకు వేటలో చిక్కు జంతువనియు అర్థము కలదు. అనగా ఒకనాడు ‘స్పోర్ట్’ వేటగానిది, ‘గేమ్’ వాని సంచిలోనిది. నేడు రెంటికిని భేదమేమని తర్కించువారు ఈ పాత బంధుత్వమును తలచుకొన్న కొంత వినోదము కలుగును.

తెలుగున ఈ రెండు మాటలను విడదీసినది పత్రికలును ప్రభుత్వమును. పత్రికలోని పుట క్రీడలది, సర్కారులోని శాఖ క్రీడలది, పతకము తెచ్చినవాడు క్రీడాకారుడు. ఆట మాత్రము వీథిలో, పెరటిలో, పిల్లలవద్ద మిగిలిపోయినది. చదువు పక్కన పెట్టిన కొడుకును తల్లి ‘ఆటలు చాలించు’ అనును గాని ‘క్రీడలు చాలించు’ అనదు. ఇది వట్టి మాటల తేడాయైనచో నిఘంటుకారులకు వదలివేయవచ్చును. కాని క్రీడ యనిపించుకొన్నదానికి మైదానము, శిక్షకుడు, కళాశాలలో ప్రవేశము, రైల్వేలో ఉద్యోగము కలవు. ఆట యనిపించుకొన్నదానికి అవి లేవు. జూదమనిపించుకొన్నదానికి పోలీసులు కలరు.

ఈ చిక్కు ఇంగ్లండులో ఒకమారు పన్నుల రూపమున న్యాయస్థానమునకు ఎక్కినది. అక్కడి బ్రిడ్జి ఆటగాండ్ర సంఘము, తన పోటీలకు వసూలుచేసిన ప్రవేశరుసుముపై పన్ను పడరాదనియు, క్రీడలకు గల మినహాయింపు పేకముక్కలకును చెల్లుననియు వాదించినది. వ్యాజ్యము లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానమువరకు పోయినది. క్రీడయన్న శారీరకమైన అంశము లెక్కకు వచ్చునంతగా ఉండవలెననియు, బ్రిడ్జిలో అది అత్యల్పమనియు, కావున మినహాయింపు చెల్లదనియు 2017 అక్టోబరులో తీర్పు వెలువడినది. ఏడాది తిరుగక మునుపే 2018లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినవి. అందు బ్రిడ్జి పురుషుల జంటలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ అను ఇద్దరు భారతీయులు స్వర్ణపతకము గెలిచిరి. ఒకరి వయస్సు 60, మరియొకరిది 56. లక్సెంబర్గులో క్రీడ కానిది జకార్తాలో క్రీడయై దేశమునకు బంగారము తెచ్చినది.

శరీరశ్రమయే గీటురాయి యనుట సులభము. కాని ఆ రాయి ఎక్కువసేపు నిలువదు. తుపాకి గురిలో కదలకుండుటయే విద్య. 1896లో ఏథెన్సున జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్సులోనే అది క్రీడగా నిలిచినది. రైలుస్టేషనులో మూటలు మోయువాడు పడు శ్రమలో అది నూరవవంతు కాదు. ఐనను మూటలు మోయుటను ఎవ్వరును క్రీడ యనరు. చెమటను కొలిచి ప్రయోజనము లేదు.

వేరొక ప్రశ్న వేయవలెను. ఆడువాని బదులు మరియొకని చేయి ఆ పని చేసినచో ఆట అట్లే యుండునా? చదరంగమున ఉండును. అంధుడైన ఆటగాడు ఎత్తు పలుకును, పక్కవాడు పావును జరుపును. ఎత్తులను కార్డుమీద వ్రాసి తపాలాలో పంపుకొనుచు, దేశాంతరములందున్న ఇద్దరు నెలలతరబడి ఆడుకొన్న ఆటలు ఎన్నో కలవు. అవతలి ఇంట ఆ పావును ఎవ్వరు జరిపినను ఒకటే. బల్లయు పావులును లేకపోయినను ఒకటే. తుపాకి గురి అట్టిది కాదు. మీట నొక్కిన వ్రేలు ఎవరిదో గురియు వారిదే. చెడుగుడులో తాకి వచ్చిన చేయి, గీత దాటిన కాలు, బిగబట్టిన ఊపిరి ఎవ్వరికిని అప్పగింపరానివి. ఆటలో ఎత్తు ఆలోచించుట ఆడువాని పని. క్రీడలో ఆలోచనతోపాటు దానిని నెరవేర్చుటయు వాని శరీరము పనియే, అక్కడనే గెలుపోటములు తేలును.

ఈ లెక్కను చదరంగము ఆటయే. ఇందుకు నొచ్చుకొనువారు తెలుగునాట తప్పక ఉందురు. 1987లో గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో, 15 ఏండ్ల వయస్సున, గ్రాండ్‌మాస్టరైనది. మరుసటి ఏడు అర్జున పురస్కారము, 2006లో దోహా ఆసియా క్రీడలలో స్వర్ణము, 2019లోను మరల 2024లోను ర్యాపిడ్ చదరంగమున ప్రపంచవిజేత పదవి ఆమెను వరించినవి. అర్జున పురస్కారము క్రీడాకారులకు ఇచ్చునది. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 1999లోనే చదరంగ సమాఖ్యకు గుర్తింపునిచ్చినది; ఒలింపిక్సులో పతకమునకు మాత్రము చోటు దొరకలేదు. ప్రభుత్వము పొరబడినదా? లేదు. ప్రభుత్వము వాడు ‘క్రీడ’ అను మాట లక్షణమును చెప్పునది కాదు, అంతస్తును చెప్పునది. అన్ని దేశములకు ఒకే నియమావళి, తగవు తీర్చు నిర్ణేతలు, ఎవరి బలమెంతో చూపు అంకెలు, ఏండ్లతరబడి సాధన కలిగిన ఆటకు ఆ అంతస్తు న్యాయమే. పేరు లక్షణముతో కలియలేదని దానిని తీసివేయబూనుట పండితులకు మాత్రమే తోచు అల్పత్వము.

ఆట క్రీడయగునపుడు ఏమి జరుగునో చూడవలెనన్న చెడుగుడును మించిన ఉదాహరణము లేదు. పల్లెలో దానికి కావలసినది కొంత మెత్తని నేల, నడుమ కాలితో గీచిన ఒక గీత. ఎందరున్న అందరు రెండు జట్లగుదురు. కూతకు పోవువాడు ఊపిరి నిలిచినంతసేపు ఎదుటివారి నేలమీద రాజు. ఊపిరి తెగినచో బందీ. ఆ ఊపిరియే గడియారము. తెగినదా లేదా అను తగవును తీర్చుటకు ఎవ్వరును లేరు. అరచి గెలిచినవానిదే న్యాయము, లేదా పెద్దవాడొకడు వచ్చి ఇరువురిని కసరును. మహారాష్ట్రమున దీనినే హుతుతు అనిరి, తమిళదేశమున సడుగుడు అనిరి, వంగదేశమున హాడుడు అనిరి. పేరుతోపాటు కూతయు మారెడిది.

1936లో బెర్లిను ఒలింపిక్సు సమయమున దీనిని అక్కడ ప్రదర్శించిరి. 1950లో అఖిలభారత సమాఖ్య ఏర్పడినది. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకాంశమైనది. ఇప్పుడు పురుషులకు నేల 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, జట్టుకు ఏడుగురు, 20 నిముషముల చొప్పున రెండు భాగములు, కూతకు 30 క్షణములు. 2014లో వృత్తిపోటీలు మొదలైన పిమ్మట దీపకాంతులలో, చాపలమీద, బూట్లు తొడిగి ఆడుచున్నారు. కూత యొక్కటే మిగిలినది, అదియు ‘కబడ్డీ’ యను ఒక్క మాట. ఊపిరి ఇంకను నియమములో ఉన్నదన్నమాటయే గాని, పొద్దు కొలుచునది గడియారమే.

దీనికి వగచువారు కలరు. వగపునకు కారణమును కలదు. ఒక్కొక్క ఊరి కూత ఆ ఊరి సొత్తు. కొలతబద్ద వచ్చినచోట అది నిలువదు. కాని కొలత లేనిదే పొరుగూరివాడు వచ్చి నిన్ను ఓడించుటకు వీలులేదు. 1990 మొదలు వరుసగా ఏడు ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన భారత పురుషుల జట్టు 2018లో జకార్తాలో ఇరాను చేతిలో ఓడినది. ఆనాడు చాలమంది బాధపడిరి. నిజమునకు చెడుగుడు పూర్తిగా క్రీడయైనది ఆనాడే యనవలెను. పుట్టినింటివారికి మాత్రమే దక్కు గెలుపు ఆటకు చెల్లును, క్రీడకు చెల్లదు.

ఇంతవరకు పేర్ల తగవే. మూడవ పేరు జూదము; కొంపలు కూలునది అక్కడ. భారత సభాపర్వమున ధర్మరాజు కూర్చున్నది దుర్యోధనుని ఎదుట. పాచికలు వేసినది శకుని. పణమొడ్డువాడొకడు, ఆడువాడు వేరొకడు. ఒకని బదులు మరియొకడు ఆడుట సరి కాదని ధర్మరాజు ఆ సభలోనే అనును, అనియు ఆడును. జూదమునకు ఆడువాని చేయి అక్కరలేదు, పణము చాలును. సంక్రాంతి కోడిపందెములో పందెగాడు ఆ చేతినైనను కదపడు. నెత్తురు కోడిది, డబ్బు వానిది.

జూదమున నేర్పు లేదనుట మాత్రము తప్పు. అరణ్యపర్వమున బృహదశ్వుడు నలుని కథ చెప్పి, ధర్మరాజునకు అక్షహృదయమను విద్య నేర్పును. నలునకు అది ఋతుపర్ణుని వలన వచ్చినది. దానితోనే పుష్కరుని ఓడించి రాజ్యమును తిరిగి పొందెను. పాచికలకును ఒక శాస్త్రము కలదని భారతము ఒప్పుకొన్నది. విద్య వచ్చినంతమాత్రమున ద్యూతము ద్యూతము కాకుండ పోయినదని మాత్రము ఎక్కడను అనలేదు.

మన న్యాయస్థానములు చాలకాలము వేరొక త్రోవ పట్టినవి. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుచున్నవారిపై హైదరాబాదు సంస్థానపు జూద చట్టము కింద, అనగా ఫసలీ 1305 నాటి శాసనము కింద, నడచిన కేసు సుప్రీంకోర్టునకు వచ్చినది. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఉన్నవానిని కూర్చుకొనుట నేర్పుతో కూడిన పనులనియు, కావున రమ్మీ ప్రధానముగా నేర్పుగల ఆటయనియు ఆ న్యాయస్థానము చెప్పినది. 1968 నాటి న్యాయనివేదికలకెక్కిన ఈ తీర్పులోనే, ఆట నడుపువాడు దానివలన లాభము తీయుచున్నచో నేరము కావచ్చునను హెచ్చరికయు కలదు. తరువాతివారు మొదటి మాటను పట్టుకొని రెండవదానిని మరచిరి. నలుగురు కూర్చున్న బల్లకు చెప్పిన మాట సెల్‌ఫోనులోని లక్షలాది బల్లలకు రక్షయైనది. రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట ఒంటరిగా ఆడి, జీతమును, పిదప అప్పును పోగొట్టుకొన్నవారి ఇండ్లలో ‘నేర్పుగల ఆట’ యను మాట ఎట్లు వినబడి యుండును?

తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టములను మార్చి అట్టి ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము నేర్పా, అదృష్టమా అను ప్రశ్ననే పక్కకు నెట్టినది. డబ్బు పెట్టి డబ్బు ఆశించి ఆన్‌లైనున ఆడునది ఏదైనను ధనపు ఆటయే, అది నిషిద్ధము. ఈ-స్పోర్ట్స్ అను పోటీలను మాత్రము వేరుచేసి క్రీడగా గుర్తించినది. ప్రవేశరుసుము ఉండవచ్చును, బహుమతి ఉండవచ్చును, పందెము ఉండరాదు. ఈ భేదము పార్లమెంటునకు కొత్తగా తోచినను బృహదశ్వునకు కొత్త కాదు.

తమాషా యేమనగా, చేతి పరీక్షకు నిలుచునవి ఈ తెరమీది పోటీలే. అక్కడ వ్రేలి వేగమే గెలుపు, మరియొకని వ్రేలికి అప్పగింప వీలులేదు. కావున చదరంగముకంటె అవియే క్రీడకు దగ్గరివని ఒప్పుకొనక తప్పదు. పెద్దలకు ఇది రుచింపదు. రుచి వేరు, లక్షణము వేరు.

తెలుగు మాటలు ఈ విషయమున ఎంత నిర్లక్ష్యముగా పెరిగినవో పాఠశాల వార్షికోత్సవమున తెలియును. అక్కడి పరుగుపందెమున పైసా పందెము లేదు, గెలిచినవానికి గ్లాసో కలమో ఇత్తురు. పాత దేవాలయముల మంటపములలో రాతినేలమీద చెక్కిన పులిజూదపు గీతలు నేటికిని కానవచ్చును. మూడు పులులు, పదునైదు మేకలు, ఇరువదిమూడు చోట్లు. పాచిక లేదు, పణము లేదు, చూచువాడు ఉన్నను లేకున్నను ఒకటే. మేకలవాడు పులులను కదలనీయక కట్టవలెను, పులులవాడు మేకలను దాటి దాటి తినవలెను. దానికి జూదమని పేరెందుకు వచ్చినదో గాని, అందులో పోవునది రెండు జాముల ప్రొద్దు మాత్రమే.