హలో... హెల్మెట్‌లోంచి!

'ఏమన్నవ్?'

'ఏం లేదు, నువ్వు బండి నడుపు!'

హైదరాబాద్ నుంచి సిద్దిపేటకు బండి మీద వచ్చే ఏ జంటనైనా అడిగి చూడండి. శామీర్‌పేట దాటాక ఈ ముక్క ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. రాజీవ్ రహదారి మీద దాదాపు వంద కిలోమీటర్ల ప్రయాణం. ముందున్నాయన తల హెల్మెట్‌లో, వెనకున్నావిడ మాట గాల్లో! ఆ మాటేమిటో తెలుసుకోవాలని ఆయన మెడ వెనక్కి తిప్పుతాడు. చిక్కంతా అక్కడే. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి సెకనుకు 19 మీటర్లకు పైగా పోతుంది. 'ఏందీ?' అని అడిగి మళ్లీ ముందుకు చూసేసరికి రెండు సెకన్లు పట్టిందనుకోండి, దాదాపు 40 మీటర్ల దూరం కళ్లు మూసుకుని నడిపినట్టే.

ఇక ఫోన్ మోగితే మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఉండనే ఉంది. సెల్‌ఫోన్‌ని హెల్మెట్‌కీ చెంపకీ మధ్య దోపేయడం! సిద్దిపేట పాత బస్టాండ్ దగ్గర పావుగంట నిలబడితే చాలు, ఇలాంటి వాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. చూడ్డానికి తెలివైన పనే. కానీ ఫోన్ పట్టాలంటే హెల్మెట్ కాస్త పైకి జరగాలి, గడ్డం కింది పట్టీ వదులు కావాలి. కింద పడితే ముందు ఊడేది ఆ వదులు హెల్మెట్టే. ఊడకపోతే మరీ ఘోరం, గట్టి ఫోన్ అంచు దవడ ఎముకకి గుచ్చుకుంటుంది. గతుకులో ఫోన్ జారితే చెయ్యి దానంతటదే హ్యాండిల్ వదిలేస్తుంది.

మరి హెల్మెట్ పెట్టుకునే మాట్లాడుకునే దారే లేదా? ఉంది. దాని పేరు హెల్మెట్ ఇంటర్‌కమ్. చెవుల దగ్గర రెండు పల్చటి స్పీకర్లు, పెదవుల ముందు చిన్న మైకు, హెల్మెట్ పక్కన అగ్గిపెట్టెంత యంత్రం. ఇద్దరి హెల్మెట్లలో చెరొకటి ఉంటే అరవకుండా, మెడ తిప్పకుండా మాట్లాడుకోవచ్చు.

యుద్ధ వాహనం నుంచి...
ఇది మనకు బొత్తిగా కొత్త షోకు అనుకోవద్దు. 2016లో సిద్దిపేట విడి జిల్లా అయింది గానీ అంతకుముందు అది మెదక్ జిల్లాలోదే. ఆ పాత మెదక్ జిల్లాలోనే ఎద్దుమైలారం ఉంది. అక్కడి ఆయుధ కర్మాగారంలో 1987 నుంచి 'శరత్' పేరుతో బీఎంపీ-2 యుద్ధ వాహనాలు తయారయ్యాయి. రష్యన్ నమూనాలో చేసిన ఆ ఉక్కు పెట్టెలో కమాండర్, గన్నర్ ఒకచోట, డ్రైవర్ ఇంకోచోట కూర్చుంటారు. ఇంజిన్, ఇనుప పట్టాల రొదలో పక్కవాడి అరుపు కూడా వినపడదు. అందుకే ఇలాంటి వాహనాల్లోని సైనికులు మెత్తలు కుట్టిన టోపీలు పెట్టుకుంటారు. వాటిలోనే చెవి ఫోన్లు ఉంటాయి. మైకు నోటి దగ్గర కాదు, గొంతుకు ఆనుకుని ఉంటుంది. గాల్లోంచి వచ్చే శబ్దాన్ని వదిలేసి, కంఠం అదురును పట్టుకుంటుందన్నమాట! రొద ఎంతున్నా అది మాటల్లో పెద్దగా కలవదు.

ఇప్పుడు మంచులోకి వెళ్దాం. గుల్మార్గ్ వెళ్లినవాళ్లు అక్కడి స్నో స్కూటర్ ఎక్కే ఉంటారు. ముందు రెండు స్కీలు, కింద తిరిగే రబ్బరు పట్టా... అదే స్నోమొబైల్. కెనడా వాసి బొంబార్డియర్ 1959లో 'స్కీ-డూ'తో దాన్ని జనం ఆటగా మార్చాడు. ఉత్తర అమెరికా మంచు ప్రాంతాల్లో గుంపులుగా పదుల కిలోమీటర్లు అడవుల్లో తిరుగుతారు. ముందు వెళ్లే బండి లేపిన మంచు పొడిలో వెనకవాళ్లకి దారి కనపడదు. ఎదురుగా ఎవరో వస్తున్నారనో, గడ్డకట్టిన చెరువు మీద పగులుందనో ముందువాడు చెప్పకపోతే ప్రాణాల మీదికొస్తుంది. చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు కాబట్టి హెల్మెట్ నుంచి హెల్మెట్‌కి నేరుగా రేడియోలో మాట్లాడుకునే ఏర్పాటు అక్కడ అక్కరకొచ్చింది. వాళ్ల బాధలు వేరు. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, దళసరి గ్లవుజులతో చిన్న బటన్ నొక్కలేరు, ఊపిరి ఆవిరికి మైకు ముందు మంచు పేరుకుంటుంది. మనకి వేసవిలో హెల్మెట్‌లోకి కారే చెమట ఎంతో, వాళ్లకి ఆ ఆవిరి అంత!

మోటారుసైకిళ్లకి బ్లూటూత్ ఇంటర్‌కమ్‌లు 2004 ప్రాంతంలో వచ్చాయి. ఇజ్రాయెల్ కంపెనీ కార్డో మొదట్లోనే అడుగుపెడితే, కొన్నేళ్ల తర్వాత కొరియా కంపెనీ సేనా పోటీకొచ్చింది. బ్లూటూత్ పద్ధతిలో బండ్లు గొలుసులా కలుస్తాయి. మధ్యలో ఒకరు వెనకబడితే గొలుసు తెగుతుంది. తర్వాత వచ్చిన 'మెష్' పద్ధతి వలలాంటిది. ఒక ముడి ఊడినా మాట ఇంకో దారిలో చేరుతుంది. తప్పిపోయినవాళ్లు దగ్గరికి రాగానే వాళ్లంతటవాళ్లే మళ్లీ కలిసిపోతారు. పదిమంది కలిసి రంగనాయకసాగర్‌కో, ఇంకా దూరానికో వెళ్లే కుర్రాళ్లకి దీని విలువ తెలుస్తుంది. బెంగళూరులోనూ బ్లూ ఆర్మర్ లాంటి మన కంపెనీలు వీటిని తయారుచేస్తున్నాయి. డబ్బాల మీద రాసిన కిలోమీటర్ల దూరం మాత్రం నమ్మకండి, అది అడ్డేమీ లేని మైదానంలో కొలిచిన లెక్క!

చెవులు సరే, మనసో?
అసలు ఆలోచించాల్సిన సంగతి ఇక్కడుంది. చేతులు ఖాళీగా ఉంటే ప్రమాదం లేదని అందరం అనుకుంటాం. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం 2001లో దీన్ని పరీక్షించింది. డ్రైవింగును పోలిన పనులు చేయిస్తూ ఫోన్లో మాట్లాడించారు. చేత్తో పట్టుకున్నా, పట్టుకోకపోయినా ఒకటే ఫలితం. మాటల్లో పడ్డవాళ్లు సిగ్నళ్లను రెండింతలు ఎక్కువగా గమనించకుండా వదిలేశారు. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, మనసే అక్కడ లేదు.

మరి వెనక కూర్చున్నవాళ్లతో మాట్లాడినా అంతేనా? కాదట! అదే విశ్వవిద్యాలయంలో 2008లో వెలువడిన మరో అధ్యయనంలో కారు నమూనా నడుపుతూ ఫోన్లో మాట్లాడిన వాళ్లలో సగంమంది తిరగాల్సిన మలుపు దాటేశారు. పక్కన మనిషితో మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది సరిగ్గానే తిరిగారు. కారణం తేలికే. పక్కనున్న మనిషికీ రోడ్డు కనిపిస్తుంది. లారీ అడ్డొస్తే నోరు మూసుకుంటాడు, మలుపొస్తే గుర్తుచేస్తాడు. ఫోన్ అవతల ఉన్న బాసుకి ప్రజ్ఞాపూర్ దగ్గర గేదెలు అడ్డొచ్చిన సంగతి ఏం తెలుస్తుంది? కాబట్టి ఇంటర్‌కమ్ వెనకున్న ఇల్లాలితో, పక్క బండి మీది స్నేహితుడితో మాట్లాడుకోవడానికి బాగుంటుంది. అదే యంత్రంలో ఆఫీసు ఫోన్లు మాట్లాడటం మొదలెడితే, చెంపకి దోపిన ఫోన్ కంటే మెరుగు గానీ మంచిది మాత్రం కాదు.

వేగంగా వెళ్తున్నప్పుడు హెల్మెట్‌లో గాలి హోరే చాలా ఎక్కువ. వంద కిలోమీటర్ల వేగంలో అది దాదాపు వంద డెసిబెల్స్ దాకా వెళ్తుంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి ఎనిమిది గంటలు భరించవచ్చనీ, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ గడువు సగమవుతుందనీ ఒక లెక్క. ఆ ప్రకారం వంద దగ్గర మిగిలేది పావుగంట! దాన్ని మించి వినిపించాలని పాటల సౌండు పెంచేవాళ్లు చెవులకి ఇంకా చేటు చేసుకుంటున్నారు. వెనక లారీ హారన్ కూడా వినపడదు.

చట్టం సంగతికొస్తే, బండి నడుపుతూ చేత్తో ఫోన్ వాడటం నేరం. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకొచ్చిన నిబంధన ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడుకోవచ్చు.

కొనాలనుకుంటే వెయ్యీ పదిహేనువందల నుంచి ముప్పైవేలు దాటిన రకాలూ ఉన్నాయి. ఖరీదు కంటే బిగించడం ముఖ్యం. స్పీకర్లు పట్టలేదని హెల్మెట్ లోపలి థర్మోకోల్‌ని చాకుతో చెక్కేవాళ్లున్నారు. దెబ్బను మింగేది ఆ థర్మోకోలే! చెవి దగ్గర గుంట ఉన్న ఐఎస్ఐ హెల్మెట్‌నే ఎంచుకోవాలి. స్పీకర్ సరిగ్గా చెవి రంధ్రానికి ఎదురుగా ఉంటే సౌండు పెంచే పనే ఉండదు. 

ఇంకో మాట. 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా ద్విచక్ర వాహనాల మీద ప్రయాణిస్తూ మరణించినవాళ్లు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. ఇంటర్‌కమ్ ఆమె చెవిలో పెట్టాలంటే, ముందు ఆమెకో హెల్మెట్ కొనాలి కదా!