కోహినూర్ దొరికింది మన కొల్లూరులోనేనా? బ్రిటన్ రాజకుటుంబం పుస్తకాలు ఏం చెబుతున్నాయ్?

బ్రిటన్ రాజకుటుంబంపై వచ్చే పాపులర్ చరిత్ర పుస్తకాల్లో మన తెలుగు నేల ప్రస్తావన వచ్చే చోటు ఒకటుంది. అదే కోహినూర్ వజ్రం కథ. అందులో కొల్లూరు పేరు కనిపించగానే పిట్టలవానిపాలెం, రేపల్లె, తెనాలి వైపు వాళ్లకు ఠక్కున గుర్తొచ్చేది మన బాపట్ల జిల్లా కొల్లూరే. మరి ఆ వజ్రం ఇక్కడే దొరికిందా?

ఆ కొల్లూరు వేరు

కాదు. వజ్రాల గనులకు పేరున్న కొల్లూరు పల్నాడులోని బెల్లంకొండ వైపుది. రెండూ పాత గుంటూరు జిల్లావే, రెండూ కృష్ణ ఒడ్డు ప్రాంతాలే. అందుకే ఈ గందరగోళం. 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియర్ ఆ గనుల్ని చూసి, అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవాళ్లు. ఇప్పుడా చోటు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది.

మరి కోహినూర్ అక్కడిదేనా?

అక్కడిదే అయ్యుంటుందని చాలామంది నమ్మకం. కానీ ఎప్పుడు, ఎవరికి దొరికిందో చెప్పే రికార్డు లేదు. విలియం డాల్‌రింపుల్, అనితా ఆనంద్ కలిసి రాసిన 'కోహినూర్' పుస్తకం చెప్పేదీ ఇదే. కాకతీయుల అమ్మవారి కన్నుగా ఉండేదని, మాలిక్ కాఫర్ ఎత్తుకుపోయాడని మనం వినే కథకు గట్టి ఆధారం లేదు. బాబర్ ఓ పెద్ద వజ్రం గురించి రాశాడు. కానీ అది ఇదేనని తేల్చలేం. కోహినూర్ అన్న పేరు రాతలో స్పష్టంగా కనిపించేది 1740ల్లో, నాదిర్ షా చరిత్ర రాసిన పర్షియన్ రచయిత దగ్గర. అప్పటికది నెమలి సింహాసనంలో ఉంది.

మరి ఇన్ని కథలు ఎలా పుట్టాయి? వజ్రం చేతికొచ్చాక గవర్నర్ జనరల్ డల్హౌసీ దాని చరిత్ర సేకరించమని ఢిల్లీలోని యువ అధికారి థియో మెట్‌కాఫ్‌కు పని అప్పగించాడు. ఆయన బజార్లో విన్న మాటలన్నీ రాసి పంపాడు. తర్వాతి పుస్తకాలు చాలావరకు వాటినే తిప్పితిప్పి రాశాయి.

అనుమానం లేని భాగం ఇదీ

1849 మార్చి 29న లాహోర్ ఒప్పందం కుదిరింది. సంతకం పెట్టిన మహారాజా దులీప్ సింగ్ వయసు పదేళ్లు. తల్లి జిందాన్ కౌర్‌ను అప్పటికే ఆయన నుంచి వేరు చేశారు. వజ్రాన్ని ఇంగ్లండ్ రాణికి అప్పగించాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. 1850 జులైలో అది విక్టోరియా రాణికి చేరింది. 1852లో మళ్లీ సానబట్టడంతో 186 క్యారెట్ల వజ్రం దాదాపు 106కు తగ్గింది. 1937లో ఆరో జార్జ్ భార్య ఎలిజబెత్ కిరీటంలోకి ఎక్కింది. ఇప్పటికీ ఆ కిరీటంలోనే లండన్ టవర్‌లో ఉంది. 2023 పట్టాభిషేకంలో కెమిల్లా మాత్రం ఆ కిరీటం జోలికి పోకుండా, క్వీన్ మేరీ కిరీటం పెట్టుకున్నారు.

అయితే మనకేంటి?

ఇక్కడే అసలు సంగతుంది. 2016లో సుప్రీంకోర్టులో కేంద్రం తరఫు లాయర్, దాన్ని ఎవరూ దొంగిలించలేదు, బలవంతంగా లాక్కోలేదు అన్నట్టు వాదించడంతో దుమారం రేగింది. వెంటనే కేంద్రం సర్దుకుని, సామరస్యంగా వెనక్కి తెచ్చేందుకు ప్రయత్నిస్తామంది. 'బహుమతి' అన్న మాటకు గట్టి జవాబు పదేళ్ల పిల్లాడి సంతకమున్న ఆ ఒప్పందమే. అమ్మవారి కన్ను కథ కాదు. ఆధారం లేని కథతో వాదిస్తే ఎదుటివాళ్లు దాన్ని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. అప్పుడు నిజం కూడా పలచనవుతుంది.

కాబట్టి ఈసారి కోహినూర్ మీద వీడియో కనిపించినా, పుస్తకం చేతికొచ్చినా ఒక్కటి చూడండి. 1740లకు ముందు సంగతిని 'ఖాయంగా' అని చెబుతున్నారంటే కాస్త ఆగి ఆలోచించాల్సిందే. 1849 తర్వాతి సంగతికైతే కాగితాలున్నాయి, ధైర్యంగా మాట్లాడొచ్చు.