డైరెక్టరీకి కలిపితే సరిపోతుందా?

కృష్ణపట్నం రేవు, నేలటూరు థర్మల్ కేంద్రం, ఇంకాస్త దక్షిణాన శ్రీహరికోట. నెల్లూరు, తిరుపతి జిల్లాల తీరంలో ఇలాంటి పెద్ద పనిచోట్ల సొంత ఉద్యోగులతో పాటు కాంట్రాక్టు మనుషులు, బయటి సంస్థల వాళ్లూ నిత్యం వచ్చిపోతుంటారు. ఇంతమందికి ఒక్కో వెబ్ అప్లికేషన్‌లో ఒక్కో పాస్‌వర్డ్ పెట్టడం ఎవరి వల్లా కాదు. అందుకే పెద్ద సంస్థలు ఖాతాలన్నీ ఒకే డైరెక్టరీలో ఉంచి, అప్లికేషన్లను దానికి కలుపుతాయి. అది మంచి పద్ధతే. ‘కలిపేశాం కదా, ఇక భద్రతంతా డైరెక్టరీయే చూసుకుంటుంది’ అనుకోవడమే అపోహ. వచ్చినవాడు ఎవరో డైరెక్టరీ చెబుతుంది. వాడు లోపల ఏం చేయవచ్చు, ఎంతసేపు చేయవచ్చు అన్నది అప్లికేషనే తేల్చుకోవాలి. రేవు గేటు దగ్గర పాస్ చూసి లోపలికి వదిలినంత మాత్రాన క్రేన్ ఎక్కే హక్కు రాదు.

డైరెక్టరీతో మాట్లాడే ఎల్‌డ్యాప్ పద్ధతి 1993లో ప్రమాణంగా వెలువడింది. బరువైన ఎక్స్.500 డైరెక్టరీలను చిన్న కంప్యూటర్ల నుంచి తేలిగ్గా వెతకడం కోసం దాన్ని తయారుచేశారు. జావా వెబ్ అప్లికేషన్ల భద్రతకు వాడే స్ప్రింగ్ సెక్యూరిటీలో సాధారణంగా జరిగేది చూడండి. యూజర్ ఇచ్చిన పేరు, పాస్‌వర్డ్‌లతో అప్లికేషన్ డైరెక్టరీకి ‘బైండ్’ అవుతుంది. అది ఒప్పుకుంటే ఆ మనిషి ఏయే గ్రూపుల్లో ఉన్నాడో విడిగా వెతికి, వాటిని రోల్స్‌గా, అంటే అధికార పాత్రలుగా, మారుస్తుంది. అంటే గుర్తింపు ఒక మెట్టు, అధికారం ఇంకో మెట్టు. మొదటి మెట్టులోనే ఒక గొయ్యి ఉంది. పేరు ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే, కొన్ని సర్వర్లు దాన్ని అనామక బైండ్‌గా లెక్కేసి ‘సరే’ అంటాయి. 2006 నాటి ఎల్‌డ్యాప్ భద్రతా ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 4513 ఈ ప్రమాదాన్ని స్పష్టంగా హెచ్చరించింది. స్ప్రింగ్ సెక్యూరిటీ ఖాళీ పాస్‌వర్డ్‌ను డైరెక్టరీ దాకా పోనివ్వదు. బైండ్ కోడ్ సొంతంగా రాసుకున్నవాళ్లు మాత్రం ఆ తనిఖీ తామే పెట్టుకోవాలి.

డైరెక్టరీలోని గ్రూపులే రోల్స్‌గా సరిపోతాయన్నది మరో నమ్మకం. ఒక ఉదాహరణ చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో సూళ్లూరుపేట, శ్రీహరికోట ప్రాంతం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు వెళ్లింది. ఒక అప్లికేషన్‌లో ‘నెల్లూరు’ గ్రూపు పేరునే నేరుగా అనుమతిగా రాసి ఉందనుకుందాం. గ్రూపు మార్చిన రోజు సూళ్లూరుపేట ఉద్యోగి తన ఫైళ్లే తెరవలేడు. మార్చకపోతే తనవి కాని ఫైళ్లు తెరుచుకుంటాయి. గ్రూపులు ఆఫీసు నిర్మాణాన్ని చెబుతాయి, అనుమతులు పనిని బట్టి ఉండాలి. ‘ఈ గ్రూపుకు ఈ పని’ అనే జాబితా మధ్యలో పెట్టుకుంటే, ఉత్తర్వు మారినప్పుడు కోడ్ ముట్టుకోకుండా ఒక్క వరుస మార్చితే చాలు. రెండు చోట్ల చూసుకోవడం అదనపు పని కదా అని అడగొచ్చు. అదనమే, కానీ ఉత్తర్వు వచ్చిన రాత్రి కోడ్ తిరగరాయడం కంటే చాలా తక్కువ.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ: డైరెక్టరీలో ఖాతా ఆపేస్తే మనిషి ఆ క్షణమే బయటికి పోతాడని. పోడు. లాగిన్ అయ్యాక అప్లికేషన్ చూసేది తన సెషన్‌నే. పేజీ మారిన ప్రతిసారీ డైరెక్టరీని అడగదు. ‘జావా అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌లో సెషన్ ముప్పై నిమిషాల్లో పోతుందిగా’ అన్న వాదన వినిపిస్తుంది. ఆ ముప్పై నిమిషాలూ ఏమీ చేయకుండా ఊరకున్న సమయానికి లెక్క. మధ్యలో ఒక్క క్లిక్ చేసినా గడువు మళ్లీ మొదటికొస్తుంది. కాంట్రాక్టు ముగిసినవాడు తెరిచి ఉంచిన ట్యాబ్ అలా అప్పుడప్పుడు క్లిక్ చేస్తుంటే రోజంతా బతికే ఉంటుంది. సెషన్‌కు గరిష్ఠ పరిమితి పెట్టాలి, నిర్ణీత వ్యవధిలో ఖాతా స్థితిని మళ్లీ అడగాలి.

ఇంకో అపోహ దారి గురించి. లోపలి నెట్‌వర్కే కదా అని 389 పోర్టులో రక్షణ లేకుండా బైండ్ చేస్తే పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టు తీగ మీద వెళుతుంది. 636 పోర్టు గానీ స్టార్ట్ టీఎల్‌ఎస్ గానీ వాడాలి, సర్టిఫికెట్ తనిఖీ ఆపకూడదు.

మీ సంస్థకు ఎవరైనా ఇలాంటి అప్లికేషన్ అప్పగిస్తే, సంతకం పెట్టే ముందు ఖాళీ పాస్‌వర్డ్‌తో లాగిన్ ప్రయత్నించి చూడండి. తర్వాత ఒక పరీక్ష ఖాతాతో లోపలికి వెళ్లి, అది తెరిచి ఉండగానే డైరెక్టరీలో దాన్ని ఆపేయించి, ఎంతసేపు పని చేస్తుందో గడియారం పెట్టి చూడండి.