చెప్పుకొనలేని పిల్లలు – బడిలో వారికి రక్షణ

అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదని మన సామెత. మరి అడగడమే రాని బిడ్డ మాటేమిటి? ఆకలి వేస్తే అడగలేడు. నొప్పి కలిగితే ఎక్కడో చూపలేడు. బడిలో ఎవరైనా కొడితే సాయంకాలం ఇంటికి వచ్చి “అమ్మా, ఫలానావారు నన్ను కొట్టారు” అని చెప్పుకొనలేడు. అటువంటి బిడ్డలు మన కుటుంబాలలోనూ ఉన్నారు. వారిని గూర్చి నలుగురిలో మాట్లాడడానికి మనం జంకుతాం. పెండ్లిండ్లకూ, సంఘం ఉగాది సభకూ వారిని తీసికొని రాక, ఇంట్లో నాయనమ్మ దగ్గర విడిచి వచ్చే తల్లులు ఉన్నారు. ఈ జంకు వల్ల నష్టపోయేది ఆ బిడ్డే. అందుచేత ఆ సంగతే పాఠకులకు మనవి చేయదలచాను. నేను డాక్టరును కాను, ఉపాధ్యాయుడనూ కాను. ఇరవై ఏండ్లుగా ఆఫీసులో కాగితాలు చూసుకొనే గుమాస్తాను. అయితే ఈ విషయంలో ఒక చిన్న కాగితానికి ఎంత బలమున్నదో కండ్లారా చూశాను గనుక వ్రాయడానికి సాహసిస్తున్నాను.

ఆటిజం అంటే ఏమిటి?

1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల తీరును వివరంగా వర్ణించి ఒక వ్యాసం ప్రకటించారు. ఆటిజం అన్న మాట నేటి అర్థంలో వ్యాప్తికి వచ్చింది అప్పటినుంచే. తరువాత చాలా కాలం డాక్టర్లలోనే కొందరు, తల్లి ప్రేమగా చూడకపోవడం వల్ల బిడ్డ ఇట్లా అవుతాడని నమ్మారు. ఎందరు తల్లులు ఆ నింద మోశారో! 1964లో బెర్నార్డ్ రిమ్లండ్ అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఆ వాదాన్ని ఖండిస్తూ పుస్తకం వ్రాశారు. ఆయన కుమారునికీ ఆటిజం ఉన్నది. మెదడు పెరిగే తీరులోనే పుట్టుకతో ఉండే తేడా ఇది అని నేడు వైద్యులందరూ అంగీకరిస్తున్నారు. తల్లి పెంపకంలో లోపమూ కాదు, గ్రహచారమూ కాదు, ఒకరినుంచి ఒకరికి అంటుకొనే జబ్బూ కాదు.

ఈ పిల్లలందరూ ఒక్క తీరుగా ఉండరు. కొందరికి మాటే రాదు. కొందరు ధారాళంగా మాట్లాడుతారు కాని ఎదుటివారి వేళాకోళం, మర్మం గ్రహించలేరు. కొందరు చదువులో వెనుకబడతారు, కొందరు లెక్కలలో తోటివారిని మించిపోతారు. చాలామందికి పెద్ద శబ్దం, మిరుమిట్లు గొలిపే వెలుతురు, ఆకస్మికంగా ఒంటిమీద చేయి వేయడం భరించరానివి. రోజూ జరిగే క్రమం తప్పితే కంగారుపడతారు. ఆ కంగారులో చేతులు ఆడిస్తారు, ఊగుతారు, కేకలు వేస్తారు. అది వారికి ఊరట కలిగించే దారి, పెంకితనం కాదు.

బడిలో ఎందుకు బాధ?

బడి అంటే గంట మ్రోగడం, ప్రార్థనలో బారులు తీరడం, పిలిస్తే ముఖం చూసి జవాబు చెప్పడం, పీరియడు పీరియడుకు ఉపాధ్యాయులు మారడం. ఇవన్నీ ఈ బిడ్డకు కష్టమైనవే. గంటకు చెవులు మూసికొంటే “నాటకాలు”, ముఖం చూడకపోతే “పొగరు”, జవాబు చెప్పకపోతే “మొండితనం” అని పేర్లు పడతాయి. మొక్కై వంగనిది మానై వంగునా అని బెత్తం తీసికొంటారు. భయపడిన బిడ్డను కొడితే భయం రెట్టింపవుతుందే గాని బుద్ధి రాదు.

ఉపాధ్యాయులందరూ కఠినులని నా అభిప్రాయం కాదు. తరగతి నిండా పిల్లలు, ముగించవలసిన పాఠాలు, ఈ పిల్లలను గూర్చి తర్ఫీదు లేకపోవడం – వారి ఇబ్బందులు వారికి ఉన్నవి. అయినా ఇబ్బంది వేరు, హింస వేరు. కొట్టడం ఒక్కటే హింస అనుకొనరాదు. గోడవైపు నిలబెట్టడం, గదిలో ఒంటరిగా తలుపు వేసి ఉంచడం, బెంచీకి కట్టడం, పేరు పెట్టి అందరిలో నవ్వించడం, విహారయాత్రకు తీసికొనిపోకపోవడం, రోజూ మధ్యాహ్నానికే ఇంటికి పంపివేయడం, “మీరే టి.సి. తీసికొండి” అని తల్లిదండ్రులను నయాన భయాన ఒత్తిడి చేయడం – ఇవి కూడా హింసలే. తోటి పిల్లలు వాడిని రెచ్చగొట్టి, వాడు కేక వేసినప్పుడు మాత్రమే మేష్టారిని పిలవడం మరొక రకం. శిక్ష పడేది వాడికే.

ఒక మిత్రుని కుమారుని సంగతి

కర్ణాటకలో మేముండే ఊళ్ళో నా మిత్రుడొకరికి తొమ్మిదేండ్ల కుమారుడు. మూడు తరాల క్రితం వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. ఆ అబ్బాయికి ఆటిజం. సొంతంగా మాట్లాడేది తక్కువ. ఎవరైనా అన్న మాటను అదే స్వరంతో, అదే యాసతో చిలుకలా తిరిగి అనడం ఎక్కువ. సీటు ఇవ్వరేమోనన్న భయంతో చేర్పించేటప్పుడు తండ్రి ఈ సంగతి బడివారికి చెప్పలేదు.

ఆ ఏడు దసరా సెలవుల తరువాత అబ్బాయి మారిపోయాడు. యూనిఫారం చూస్తే ఏడ్చేవాడు. ఎప్పుడో మానిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. తన మణికట్టు తానే కొరుక్కొనేవాడు. బడి డైరీలో “చెప్పిన మాట వినడం లేదు” అన్న వాక్యం తప్ప మరేమీ లేదు. ఒక సాయంకాలం వాడు తన కుర్చీని గోడవైపు త్రిప్పి, దాని ముందు నిలబడి, “బాయి ముచ్చు, గోడె కడె తిరుగి నిల్లు” అని గద్దించాడు. నోరు మూసుకో, గోడవైపు తిరిగి నిలబడు అని దాని అర్థం. ఆ ఇంట్లో పిల్లలతో ఎవరూ కన్నడం మాట్లాడరు. ఆ స్వరం ఎవరిదో తల్లికి వెంటనే తెలిసిపోయింది. చెప్పుకొనలేని బిడ్డ తనకు తెలిసిన ఒకే ఒక దారిలో సాక్ష్యం చెప్పాడు.

తండ్రి మరునాడే బడికి వెళ్ళి తగవు పెట్టుకొంటానన్నారు. నేను వారించాను. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని కన్నడంలో ఒక అర్జీ వ్రాశాం. అందులో తిట్టు లేదు. అబ్బాయికి ఆటిజం ఉన్నదని చెప్పే సర్టిఫికెట్టు నకలు, ఫలానా తేదీ మొదలు ఇంట్లో చూసిన మార్పులు, వాడు అన్న మాట ఉన్నది ఉన్నట్లుగా, మేము కోరే నాలుగు ఏర్పాట్లు – అంతే. రెండు ప్రతులు. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండవదానిపై తేదీతో ముద్ర వేయించుకొన్నాం. “మా బడిలో అటువంటిది జరగదు” అని మొదట అన్న హెడ్మాస్టరుగారు నాలుగవ నాడు పిలిపించారు. నోటిమాటకు జవాబు చెప్పకపోయినా చెల్లుతుంది. ముద్ర పడిన కాగితానికి జవాబు ఉండవలసిందే.

అబ్బాయిని వేరే సెక్షనుకు మార్చారు. గంటకు దూరంగా సీటు ఇచ్చారు. ఆ రోజు పాఠాల వరుసను బొమ్మలుగా వేసి బల్లకు అంటించారు. క్రొత్త పంతులమ్మ తల్లిని పిలిపించి, “ఏడ్చినప్పుడు మీరేం చేస్తారమ్మా?” అని అడిగి వ్రాసికొన్నది. కష్టాలన్నీ తీరినవని కాదు. ఇప్పటికీ ఒకరిద్దరు పిల్లలు ఏడిపిస్తూనే ఉంటారు. కాని పక్క తడపడం మానినది. యూనిఫారం తానే తొడుక్కొంటున్నాడు.

తెలుగు మానుమనే సలహా

బయటి రాష్ట్రాలలో ఉన్న మనకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటున్నది. “ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష కావడం వల్లనే మీవాడికి మాట రాలేదు, తెలుగు మానివేయండి” అని సలహా ఇస్తారు. ఇది సరికాదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు. ఆటిజం గల పిల్లలకు రెండు భాషల వల్ల మాట మరింత ఆలస్యమౌతుందనడానికి పరిశోధనలలో ఆధారం కనిపించలేదు. తెలుగు తప్ప రాని అవ్వ, తాత వాడితో మాట్లాడడం మానివేస్తే వాడికి మిగిలే మనుషులే తగ్గిపోతారు. ఇంటి మాట ఇంట్లో ఉండనివ్వండి.

చట్టం ఏమంటున్నది?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టంలో చోటు దొరికింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం లెక్కించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. ప్రభుత్వ సహాయం గాని గుర్తింపు గాని పొందిన విద్యాసంస్థలు ఇటువంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకొనాలి, వారికి తగిన సదుపాయాలు కల్పించాలి అని దాని 16వ సెక్షను చెబుతున్నది. కాబట్టి సంగతి దాచి చేర్పించవలసిన పని లేదు. నలుగురి ఎదుట కావాలని అవమానించినా, అవమానించే ఉద్దేశంతో చేయి చేసికొన్నా 92వ సెక్షను క్రింద ఆరు నెలలకు తగ్గకుండా అయిదేండ్ల వరకు జైలు, జరిమానా ఉన్నవి.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షను, మానసిక వేధింపును రెంటినీ నిషేధించింది. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షను పిల్లలపై క్రూరత్వాన్ని నేరమన్నది. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవారే ఆ నేరం చేస్తే శిక్ష అయిదేండ్ల వరకు పోవచ్చును. ప్రత్యేక తర్ఫీదు పొందిన ఉపాధ్యాయులు ప్రాథమిక తరగతులలో ఇటువంటి పదిమంది పిల్లలకు ఒకరు, పై తరగతులలో పదిహేనుమందికి ఒకరు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2022లో నిర్దేశించింది. మీ బడిలో అటువంటివారు ఉన్నారా అని అడిగే హక్కు మనకు ఉన్నది.

తల్లిదండ్రులు చేయదగినవి

మొదటిది, సర్టిఫికెట్టు. అనుమానం ఉంటే ఆలస్యం చేయక జిల్లా ఆసుపత్రిలో చూపించండి. బెంగుళూరులో నిమ్హాన్స్, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, మద్రాసు దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ, సికిందరాబాదులో 1984లో స్థాపించిన మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఉన్నవి. ఈ సికిందరాబాదు సంస్థ పేరు ఇప్పుడు మారింది.

రెండవది, బడి తెరిచే ముందే ఒక్క పేజీలో బిడ్డను గూర్చి వ్రాసి క్లాసు ఉపాధ్యాయునికి ఇవ్వండి. ఏది భయం, ఏది ఇష్టం, మూత్రానికి పోవలసినప్పుడు ఎట్లా తెలియజేస్తాడు, ఏడిస్తే ఏం చేయాలి, ఏం చేయరాదు. అది ఆ రాష్ట్రపు భాషలో ఉంటే ఆయాకు, బస్సు డ్రైవరుకు కూడా పనికి వస్తుంది.

మూడవది, స్నానం చేయించేటప్పుడు ఒళ్ళు చూడండి. కమిలిన గుర్తులుంటే తేదీతో ఫోటో తీసి, డాక్టరుకు చూపి, వ్రాయించుకొండి. నిద్ర, తిండి, భయం – వీటిలో మార్పు వస్తే ఒక నోటుబుక్కులో రోజువారీ వ్రాయండి. “ఎవరు కొట్టారు? వాడేనా? వీడేనా?” అని బిడ్డను గుచ్చి గుచ్చి అడగకండి. వాడు అన్న మాటనే అన్నట్లు వ్రాసికొండి.

నాలుగవది, ఏది చెప్పినా కాగితంపై చెప్పి రసీదు తీసికొండి. హెడ్మాస్టరు వినకపోతే విద్యాధికారికి, అక్కడా కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు గాని బాలల హక్కుల కమిషనుకు గాని వ్రాయవచ్చును. వికలాంగుల కమిషనరు చేసిన సిఫారసుపై ఏం చర్య తీసికొన్నదీ సంబంధిత అధికారి మూడు నెలలలో తెలియజేయాలి. ప్రమాదం ఉన్నదనుకొంటే 1098కి ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు. బిడ్డ మర్మస్థానాలకు ఎవరైనా హాని చేసినట్లు తోస్తే బడివారితో సంప్రదింపులు పెట్టుకొనక నేరుగా పోలీసులకు తెలపండి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు దాచడం కూడా నేరమే.

అయిదవది, మనం ఇంట్లో కొట్టరాదు. ఇంట్లో దెబ్బలు తినే బిడ్డకు బడిలో దెబ్బ వింతగా తోచదు. “మేమూ రెండు తగిలిస్తాం, మీరూ తగిలించండి” అని బడివారికి అనుమతి ఇచ్చే తండ్రులను చూశాను. అటువంటి అనుమతి ఇచ్చే హక్కు తండ్రికీ లేదు.

సంఘం చేయదగినది

మన సంఘంలో రెండు భాషలూ చక్కగా వ్రాయగలవారు ఎందరో ఉన్నారు. రిటైరయిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్ళు ఉన్నారు. నెలకొక ఆదివారం సంఘ భవనంలో కూర్చుని, ఇటువంటి తల్లిదండ్రులకు అర్జీ వ్రాసి పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. బడికి వెళ్ళేటప్పుడు ఒక్క తల్లిని పంపక తోడుగా ఒక పెద్దమనిషి వెళ్ళినా అవతలివారి ధోరణి మారుతుంది. వచ్చే ఉగాది సభకు ఈ పిల్లలనూ తీసికొని రావలెనని ఆహ్వానపత్రంలోనే అచ్చు వేయించండి. లౌడుస్పీకరుకు దూరంగా ఒక ప్రశాంతమైన గది ఏర్పాటు చేయండి. ఆ బిడ్డ మధ్యలో కేక వేసినప్పుడు తలలు త్రిప్పి చూడకుండా ఉందాం. సొంతవారి నడుమ తలెత్తుకొని కూర్చున్న తల్లి, బడి ఆఫీసులోనూ తలెత్తుకొని మాట్లాడగలదు. ఆమె మాట్లాడితేనే ఆ బిడ్డకు గొంతు ఉన్నట్లు.